గులకరాళ్లు కావాలా, ఏకాంతం కావాలా: బెజవాడ, గుంటూరు నుంచి ఏ తీరానికి వెళ్లాలి?

బందరు నుంచి చినగంజాం దాకా మనకు దగ్గరగా ఉన్న తీరమంతా తిరిగినా గులకరాళ్ల బీచ్ ఒక్కటీ కనిపించదు. కృష్ణ మోసుకొచ్చే రాళ్లు ఎగువనే ఆగిపోతాయి. డెల్టాకు చేరేసరికి మిగిలేది సన్న ఇసుక, ఒండ్రు మట్టి. తీరంలో గట్టి రాయి ఉండాలంటే కొండలు సముద్రాన్ని ఆనుకుని ఉండాలి. మనకు అందుబాటులో అలాంటి చోటు విశాఖ, భీమిలి మధ్య ఉంది. అక్కడ తూర్పు కనుమల ఖోండలైట్ రాయి నేరుగా నీళ్లలోకి దిగుతుంది, అలలు దాన్ని కొట్టి, దొర్లించి, నున్న చేస్తాయి.

కాబట్టి ముందుగా దేనికోసం వెళ్తున్నారో తేల్చుకోండి. కాళ్ల కింద రాళ్లే కావాలంటే ఒక రాత్రి బస వేసుకుని భీమిలి వైపు వెళ్లాలి. పాత రేవు ఊరు పక్కన జనం లేని తీరం చాలనుకుంటే మోటుపల్లి. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉండి ఒక్క రోజులో తిరిగి రావాలంటే బందరు, మంగినపూడి. ఏకాంతం మాత్రమే కావాలి, ఇబ్బంది పడటానికి సిద్ధం అనుకుంటే హంసలదీవి. సూర్యలంక, వాడరేవు, రామాపురం మంచి బీచ్‌లే, కానీ శని, ఆదివారాల్లో అక్కడ ఏకాంతం మాట మరచిపోవాలి.

భీమిలి వైపు: రాళ్లు నిజంగా ఉన్న చోటు

విజయవాడ నుంచి విశాఖ సుమారు 350 కి.మీ. పొద్దున బయల్దేరే రత్నాచల్ ఎక్కితే దిగేసరికి మధ్యాహ్నం, ఎండ నెత్తి మీద ఉంటుంది. గుంటూరు వాళ్లకు సింహాద్రి ఉంది గానీ పగలంతా రైల్లోనే గడిచిపోతుంది. రాత్రి బండి ఎక్కి తెల్లవారుజామున దిగి, స్టేషన్‌లోనే ముఖం కడుక్కుని, భీమిలి బీచ్ రోడ్డు పట్టుకోవడం మేలు. విశాఖ నుంచి భీమిలి 25 నుంచి 30 కి.మీ. ఉంటుంది. బస్సులు తరచుగానే ఉన్నా, మధ్యలో రెండు మూడు చోట్ల ఆగాలనుకునేవాళ్లు ఆటోనో క్యాబో రానూపోనూ మాట్లాడుకోవాలి. బీచ్ రోడ్డు మధ్యలో దిగితే తిరుగు ఆటో కోసం ఎండలో నిలబడాల్సి వస్తుంది.

దిగాల్సింది మంగమారిపేట దగ్గర. తొట్లకొండ బౌద్ధారామం కొండ మీద ఉంటే, దాని ఎదురుగా రోడ్డుకు అవతల ఈ మత్స్యకార గ్రామం, దాని తీరం. బండరాళ్లు నీళ్లలోకి వరుసలు కట్టి ఉంటాయి. వాటి మధ్య సందుల్లో గులకరాళ్లు పేరుకుంటాయి. సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం కూడా ఇక్కడే ఉంది. దాని మీదకు ఎక్కకండి. అడుగు నుంచి అలలు నిత్యం తినేస్తున్న రాయి అది, పైనుంచి గట్టిగా కనిపించడం నమ్మదగ్గ విషయం కాదు.

ఇక్కడ చాలామంది నిరాశపడేది రెండు కారణాల వల్ల. మొదటిది ఆటుపోట్లు. పోటు మీద ఉన్నప్పుడు వెళ్తే రాళ్లన్నీ నీళ్ల కింద ఉంటాయి, తోరణం దగ్గరికి దారే ఉండదు. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు పడుతుంది, మర్నాటికి ఆ వేళ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. శనివారం ఆటు ఉదయం 7 గంటలకు ఉంటే ఆదివారం 7.50 అటూ ఇటూగా ఉంటుంది. విశాఖ తీరంలో పౌర్ణమి, అమావాస్య సమయాల్లో ఆటుకీ పోటుకీ తేడా దాదాపు మీటరున్నర. అష్టమి, నవమి నాటికి ఆ తేడా బాగా తగ్గిపోతుంది. అంచేత రాళ్లు ఎక్కువగా బయటపడాలంటే పౌర్ణమి లేదా అమావాస్య వెళ్లాక పాడ్యమి, విదియ రోజుల్లో పూర్తి ఆటు వేళ చూసుకోండి. ఆ వేళకు గంటన్నర ముందే చేరాలి, నీరు తిరగబడిన అరగంటలో పైకి వచ్చేయాలి. రాళ్ల మధ్య నీరు వెనక నుంచి నిండుతుంది. ఎదురుగా అలల వైపే చూస్తూ కూర్చున్నవాళ్లకు వచ్చిన దారి మూసుకుపోయిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

రెండోది ఇసుక. తీరం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. సముద్రం గట్టిగా ఉన్న రోజుల్లో, ముఖ్యంగా వాయుగుండం దాటాక, అలలు ఇసుకను లోపలికి లాక్కుపోతాయి, గులకరాళ్లు పైకి తేలతాయి. నెమ్మదైన నెలల్లో అదే ఇసుక తిరిగొచ్చి వాటిని కప్పేస్తుంది. ఎవరో నవంబరులో తీసిన ఫొటో చూసి ఏప్రిల్‌లో వెళ్తే అదే చోట ఉత్త ఇసుక కనిపించవచ్చు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లడం అన్నివిధాలా మంచిది. తుపాన్ల కాలం గడిచి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు.

గులకరాళ్ల మీద నడక ఇసుక మీద నడక లాంటిది కాదు. హవాయి చెప్పులు పనికిరావు. అడుగు పడగానే రాయి జరుగుతుంది, చెప్పు పక్కకు మడిచిపోయి మడమ మెలిక పడుతుంది. వెనక పట్టీ ఉన్న, రబ్బరు అడుగున గాట్లు ఉన్న శాండల్స్ వేసుకోండి. పచ్చగానో నల్లగానో మెరిసే రాయి మీద కాలు పెట్టకండి, అది పాచి. గరుకుగా, పొడిగా, లేత రంగులో ఉన్న రాయి నమ్మొచ్చు. గుల్లలు అంటుకుని ఉన్న బండ జారదు గానీ చెయ్యి ఆనిస్తే బ్లేడులా కోస్తుంది. పిల్లలను నీటి అంచున నిలబెట్టవద్దు. రాళ్ల తీరం వాలు ఎక్కువగా ఉంటుంది, వెనక్కి వెళ్లే అల కాళ్ల కింది రాళ్లను కూడా దొర్లించుకుపోతుంది, పెద్దవాళ్లకే నిలదొక్కుకోవడం కష్టం. కూర్చోవడానికి దుప్పటి చాలదు, మందమైన జంపఖానా ఉండాలి.

రాళ్లు ఏరి సంచుల్లో నింపుకుని తేవద్దు. ఆ కొండ రాయి విరిగి, నలిగి, నున్నబడటానికి పట్టే కాలం ముందు మన జీవితం ఎంత? ఈ దారిలోనే ఉన్న ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. అక్కడ మట్టి తవ్వడం, గట్ల అంచులు ఎక్కి జార్చడం చేయకూడదు.

మధ్యాహ్నం ఎండ వేళకు భీమిలి ఊళ్లోకి వెళ్లండి. డచ్చివాళ్ల వర్తక స్థావరం ఉన్న రేవు ఇది. వాళ్ల సమాధుల తోట, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ కూతవేటు దూరంలోనే. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు. పాత వీధుల్లో నిదానంగా నడిస్తే రెండు గంటలు పడుతుంది.

మోటుపల్లి: మన దగ్గరి తీరంలో మా మొదటి ఓటు

గుంటూరు నుంచి చీరాల 65 కి.మీ. అటూఇటూ, అక్కడి నుంచి చినగంజాం వైపు 20 కి.మీ. వెళ్తే మోటుపల్లి. విజయవాడ నుంచి వచ్చేవాళ్లు రోడ్డు మీద మరో ముప్పై నలభై కి.మీ. కలుపుకోవాలి. సొంత బండి లేకపోతే చెన్నై మార్గంలో రైలెక్కి చీరాలలో దిగడం తేలిక. చినగంజాంలో ప్యాసింజర్లు ఆగుతాయి గానీ అక్కడ ఆటోలు తక్కువ. చీరాలలోనే ఆటో మాట్లాడుకుని, రెండు మూడు గంటలు ఆగే షరతు ముందే చెప్పండి. దింపేసి వెళ్లిపోయే ఆటో ఎక్కితే తిరుగు ప్రయాణానికి దారిన పోయే ఉప్పు లారీయే దిక్కు.

ఇప్పుడు చూస్తే చిన్న పల్లె. కాకతీయుల కాలంలో మాత్రం దేశదేశాల ఓడలు ఆగిన రేవు. 1244లో గణపతిదేవుడు ఇక్కడ వేయించిన అభయ శాసనం ఈ ఊరికి వెళ్లడానికి అసలు కారణం కావాలి. అంతకుముందు ఓడ తుపానుకు చిక్కి ఒడ్డున పడితే అందులోని సరుకంతా రాజులు పట్టుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుల సరుకు అలా లాక్కోబోమని, ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఆ శాసనం వీరభద్రస్వామి గుడి దగ్గర ఉంది. తర్వాత 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు అభయమిచ్చాడు. మార్కోపోలో రాసిన మోటుపల్లి ఇదే. సముద్రం వైపు వెళ్లే ముందు గుడి దగ్గర ఒక గంట గడపండి. రాతి మీద అక్షరాలు ఏటవాలు వెలుగులోనే బాగా కనిపిస్తాయి, కాబట్టి పొద్దున తొమ్మిది లోపు గానీ సాయంత్రం నాలుగు దాటాక గానీ వెళ్లాలి. అక్షరాలు తేలడానికని సున్నం, పసుపు, సుద్ద రాయకూడదు. మెత్తటి వెలుగు చాలు.

తీరం సన్న ఇసుక. నీడ లేదు, నీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు, కొట్టు లేదు, లైఫ్‌గార్డు లేడు. ఆడవాళ్లు, ముసలివాళ్లు వెంట ఉంటే చీరాలలోనో, పెట్రోలు బంకులోనో ముందే ఆగి రావాలి. ఇంత ప్రశాంతంగా ఉండటానికి కారణం కూడా ఈ వసతులు లేకపోవడమే. వలలు ఆరేసిన చోట తొక్కుకుంటూ నడవకండి. లాగుతున్న వల కనిపిస్తే పక్కనుంచి తిరిగి వెళ్లండి.

తిరిగి వచ్చేటప్పుడు వేటపాలెంలో సారస్వత నికేతనం చూడొచ్చు. 1918లో మొదలైన గ్రంథాలయం, పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ వెతుక్కుంటూ వస్తారు. జీడిపప్పు కొనాలన్నా వేటపాలెమే. గుండు పప్పు, బద్ద, ముక్క వేర్వేరు ధరలు, అడిగి మరీ కొనండి.

బందరు, మంగినపూడి

విజయవాడ నుంచి బందరు 70 కి.మీ., అక్కడి నుంచి మంగినపూడి 11 కి.మీ. జాతీయ రహదారి 65 మీద కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటుకుంటూ వెళ్తే గంటా ముప్పావులో తీరానికి చేరొచ్చు. శీతాకాలంలో సూర్యోదయం ఆరున్నర దాటాక అవుతుంది, నాలుగున్నరకు బయల్దేరితే సరిపోతుంది. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, సాయంత్రం వెనక చెట్ల చాటుకు దిగుతాడు. సాయంత్రం నీళ్లలో సూర్యాస్తమయం చూడాలని వచ్చేవాళ్లు ఏటా ఉంటారు, పాపం.

ఇక్కడ నేల నల్లమట్టి. నీళ్లు తేటగా ఉండవు, తెల్లబట్టలు పనికిరావు, తడిసిన మట్టి కాళ్లకు బంకలా అంటుకుంటుంది. ఇసుక, నీలి నీళ్లు ఊహించుకుని వెళ్తే మనసు చివుక్కుమంటుంది. లోతు తక్కువ, వాలు తక్కువ కాబట్టి పెద్దవాళ్లు పాదాలు తడుపుకోవడానికి మాత్రం అనువైన చోటు. కార్తీక పౌర్ణమికి, కార్తీక ఆదివారాలకు జనం పోటెత్తుతారు. దగ్గర్లో కొత్త పోర్టు పనులు నడుస్తున్నాయి, టిప్పర్లు తిరుగుతుంటాయి, చీకట్లో టూవీలర్ మీద వెళ్లేవాళ్లు జాగ్రత్త.

మంగినపూడిని బందరుతో కలిపి చూస్తేనే ఈ ప్రయాణానికి విలువ. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. బందరుకోట శిథిలాలు, ఊళ్లో డచ్చి సమాధులు మిగిలాయి. ఆ సమాధి రాళ్ల మీద చెక్కిన అక్షరాలు, చిహ్నాలు ఇప్పటికీ స్పష్టంగా చదవొచ్చు. 1864 నవంబరు తుపానులో ఉప్పెన ఈ ఊరిని ముంచి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బ నుంచి రేవు మళ్లీ కోలుకోలేదు. పెడనలో కలంకారీ అద్దకం పనివాళ్ల దగ్గరే బట్ట కొనొచ్చు. బందరు లడ్డు మధ్యాహ్నంలోపే కొనండి, వేడి కారులో అట్టపెట్టె అడుగున నెయ్యి కారుతుంది కాబట్టి స్టీలు డబ్బా తీసుకెళ్లండి.

హంసలదీవి

కృష్ణ సముద్రంలో కలిసే చోటు. విజయవాడ నుంచి అవనిగడ్డ, కోడూరు మీదుగా సుమారు వంద కి.మీ. గుంటూరు వాళ్లు విజయవాడ రానక్కర్లేదు. తెనాలి, రేపల్లె మీదుగా పెనుమూడి, పులిగడ్డ వంతెన దాటితే అవనిగడ్డ వచ్చేస్తుంది. దారిలో మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామిని చూసుకోవచ్చు, హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది.

పాలకాయతిప్ప దగ్గర తీరం మొదలవుతుంది. అక్కడి నుంచి సాగరసంగమం దాకా ఇసుక దారి, మడ అడవులు, అటవీశాఖ అదుపులో ఉన్న ప్రాంతం. వర్షాలకు, అలలకు దారి కోసుకుపోతుంటుంది. ఇవాళ సంగమం దాకా బండి వెళ్తుందా అని కోడూరులోనే కనుక్కోండి. చీకటి పడేలోపు బయటికి వచ్చేయాలి. సంగమం దగ్గర స్నానం చేయకండి. నది నీరు, సముద్రపు పోటు ఒకదానికొకటి ఎదురెక్కే చోట ఇసుక నేల గంటగంటకూ మారుతుంది. నిన్న మోకాలి లోతు ఉన్న చోట ఇవాళ నిలువు లోతు ఉండొచ్చు. పుణ్యస్నానం చేయాలంటే మాఘ పౌర్ణమి నాడు ఏర్పాట్లుంటాయి, అప్పుడు చేయండి.

జనవరి నుంచి మార్చి వరకు రాత్రిపూట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో తాబేలు వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది, పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. కర్రలతో గుర్తుపెట్టిన చోట్ల నడవవద్దు.

సూర్యలంక, వాడరేవు, రామాపురం

సూర్యలంక బాపట్లకు 9 కి.మీ., గుంటూరు నుంచి గంటన్నర. గదులు, తిండి, మరుగుదొడ్లు, కాపలా అన్నీ ఉన్నాయి. మంగళ, బుధవారాల్లో పొద్దున్నే వెళ్తే బీచ్ అంతా మీ సొంతమే అనిపిస్తుంది. పక్కనే వాయుసేన స్థావరం ఉంది, ఆ కంచె వైపు నడవడం, ఫొటోలు తీయడం తగదు. చీరాల దగ్గరి వాడరేవులో పడవలు ఒడ్డుకు చేరే వేళ చేపలు తాజాగా దొరుకుతాయి. రామాపురం రిసార్టుల ఊరు అయిపోయింది. నిజాంపట్నం చరిత్రకు గొప్పది, 1611లో బందరుకు రాకముందు ఇంగ్లీషు ఓడ ఆగింది అక్కడే. ఇప్పుడు అది చేపల హార్బరు, మడ అడవుల బురద, బీచ్ కోసం వెళ్లే చోటు కాదు.

నీళ్లలో దిగే ముందు

లైఫ్‌గార్డు లేని ఏ తీరంలోనైనా మోకాలి లోతు దాటకూడదు. ఈత వచ్చినవాళ్లకూ ఇదే మాట, ఎందుకంటే మునిగేవాళ్లలో చెరువులో, కాలవలో ఈత నేర్చినవాళ్లూ ఉంటారు. సముద్రంలో అల ముందుకు తోస్తుంది, ఆ నీరంతా ఒక సన్న పాయలా కూడి వెనక్కి పరిగెడుతుంది. రెండు వైపులా అలలు విరుగుతుంటే మధ్యలో ఒక చోట నీరు ప్రశాంతంగా, మట్టి రంగులో కనిపిస్తుందే, ఆ పాయ అదే. ప్రశాంతంగా ఉందని అక్కడే దిగుతారు. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక అలలతో పాటు రండి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపండి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే దూకవద్దు. ఖాళీ వాటర్ క్యాన్, గాలి నింపిన ట్యూబు, తాడు ఏది దొరికితే అది విసరండి.

మంగినపూడి, హంసలదీవి బురద నీళ్లలో తోక మీద ముల్లున్న టేకు చేపలు (స్టింగ్‌రేలు) నేలను అంటుకుని పడుకుంటాయి. అడుగు ఎత్తి వేయకుండా పాదాలు ఈడ్చుకుంటూ నడిస్తే అలికిడికి తప్పుకుంటాయి. గుచ్చుకుంటే ఆ కాలిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. విరిగిన ముల్లు లోపలే ఉంటుంది, ఇంట్లో లాగవద్దు.

వెళ్లే ముందు రోజు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక చూడండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎక్కడో దూర సముద్రంలో పుట్టిన పెద్ద అలలు వచ్చి పడే రోజులుంటాయి. అత్యవసరానికి 112, అంబులెన్స్‌కు 108, తీర రక్షణ పోలీసులకు 1093.

సంచిలో, కారులో

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, గొడుగు, ఇంటికొచ్చేదాకా ఆగే తిండి. పులిహోర నిలుస్తుంది. పెరుగన్నం కావాలంటే వెచ్చటి అన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా కలిపి కట్టుకోండి, మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. కాళ్లు కడుక్కోవడానికి వేరే రెండు సీసాల మామూలు నీళ్లు.

కారును ఇసుకలోకి దింపకండి. పైన పొడి పొర గట్టిగా కనిపిస్తుంది, బరువు పడగానే కుంగుతుంది. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కవద్దు, చక్రం తిరిగే కొద్దీ గొయ్యి లోతవుతుంది, చివరికి బండి పొట్ట నేలకు ఆనుతుంది. అందరూ దిగి, ముందు చక్రాల ఎదుట, వెనక ఇసుక తోడేయండి. నాలుగు టైర్లలో గాలి 18 నుంచి 20 పాయింట్ల దాకా వదలండి. కాళ్ల కింది మ్యాట్లు చక్రాల కింద దోపి, వచ్చిన దారిలోనే రివర్స్‌లో నెమ్మదిగా, ఆపకుండా తీయండి. బయటపడ్డాక గాలి కొట్టించే దాకా 30 దాటి నడపకండి. మంగినపూడి నల్లమట్టిలో ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ దిగబడితే ఊళ్లో ట్రాక్టరు పిలవాలి, అదీ పోటు రాకముందే.